కాడ మీది నల్లగీత

ఏడో రోజు పొద్దున దవాఖాన పరదా ఎత్తడం నీల పని. దవాఖాన అంటే మందూ సూదీ ఇచ్చేది కాదు. బాన్సువాడ దాటాక బోధన్ రోడ్డు పక్కన గౌస్ పాషా నర్సరీ ఉంది కదా, దాని వెనకాల నల్ల పట్టా కప్పిన పొడుగాటి గుడారం. అంటు కట్టిన టమాట మొక్కలను వారం రోజులు అందులో పెడతారు. మొదలు వంకాయ మొక్కది, తల టమాటది. కోసి అతికించిన ఆ రెండు ముక్కలూ ఒకటయ్యేదాకా వాటికి ఎండ తగలకూడదు, గాలి ఆడకూడదు. ఎవరు మొదట ఆ పేరు పెట్టారో గానీ పనికొచ్చే ఆడవాళ్లందరి నోటా పడింది. లోపలికి పోయినవాళ్లు, ఎవరూ చెప్పకపోయినా, గొంతు తగ్గించే మాట్లాడతారు.

ఆ మంగళవారం నీల పరదా ఎత్తి, ఫోను లైటు వేసి, వంగి లోపలికి వెళ్లింది. ఆవిరి ముఖానికి కొట్టింది. పట్టా లోపలివైపు నుంచి చుక్కలు ఒకటొకటిగా రాలుతున్నాయి. రెండు వైపులా బల్లల మీద ట్రేలు. ప్రతి ట్రే మూలలో తెల్లటి ప్లాస్టిక్ పుల్ల, దాని మీద కట్టినామె పేరు, తేదీ. మొక్కలన్నీ తలలు ఎత్తి నిలబడ్డాయి. ఇన్ని మొక్కలు ఒక్క ఆకు కూడా కదలకుండా చీకట్లో నిలబడి ఉండటం ఎన్నిసార్లు చూసినా నీలకు అలవాటు కాలేదు. ఎవరో వస్తారని తెలిసి అవన్నీ ఊపిరి బిగపట్టుకున్నట్టు అనిపిస్తుంది.

తన ట్రే దగ్గర ఆగి లైటు కిందికి దించింది. అతుకుకు బిగించిన క్లిప్పు పైన, లేత కాడ మీద, సన్నటి నల్లగీత.

మట్టి అనుకుని చీరకొంగుతో తుడిచింది. పోలేదు. పక్క మొక్క చూసింది. దానికీ ఉంది. ఆ వరుసలో మరో తొమ్మిదింటికి ఉంది. అగ్గిపుల్లంత కూడా లేని కాడ మీద గోటితో గీసి కాటుక నింపినట్టు పైకి పాకింది. గీత మొదలైన చోట నీల తన బొటనవేలు ఆనించి చూసింది. అంటు కట్టేటప్పుడు కాడను పట్టుకునేది సరిగ్గా అక్కడే. వేలు వెనక్కి తీసుకుంది. 

తన రెండో ట్రేలోనూ అదే గీత. పక్కన దేవీబాయివి నాలుగు ట్రేలు. అందులో రెండింటికి గీతలున్నాయి, రెండు శుభ్రంగా ఉన్నాయి. పోయిన నెల రెండు ట్రేలు వాడిపోయినందుకు పాషా ఒకామెను మళ్లీ రావద్దన్నాడు. ఈ మొక్కలేమో జుక్కల్ రైతుకు పోవాల్సినవి, ఆయన వచ్చేవారం బండి పంపుతానన్నాడు. నీల ఇవన్నీ ఆలోచించిందో లేదో ఆమెకే తెలియదు. తన పుల్లలు రెండు పీకింది. దేవీబాయి మంచి ట్రేలలోని పుల్లలు రెండు పీకింది. ఇవి అందులో, అవి ఇందులో గుచ్చింది. ఆమెకు ఎట్లాగూ ఉంది కదా, ఇంకో రెండైతే ఏమవుతుంది అనుకుంది. తప్పు చేస్తున్నానని ఆ క్షణంలో ఎవరికి మాత్రం అనిపిస్తుంది? బయటికొచ్చి, "అన్నా, జర ఇటు రా" అని పాషాను పిలిచింది.

గౌస్ పాషా చెడ్డవాడు కాదు. కేకలు వేయడు. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, నాలుగు ట్రేలూ వెలుతురులోకి తెప్పించి, ఒక్కొక్క కాడనూ వంగి చూశాడు. నాలుగింటి పుల్లల మీదా ఒకే పేరు, దేవీబాయిది. కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తెప్పించి, నాలుగైదు మొక్కలకు గీత ఆగినచోట వదులుగా ముడి వేశాడు.

"పొద్దుమీకి వరకు సూద్దాం. గీత గీడనే ఉంటే దెబ్బ తగిలినట్టు. పైకి పోతే రోగం."

ఆడవాళ్లు షెడ్డులో పనికి కూర్చున్నారు. ఏడుగురు. నర్సరీ పెట్టిన కొత్తలో పాషా ఊరంతా తిరిగి ఏరి మరీ తెచ్చుకున్న చేతులివి. బీడీలు చేసే చేతులైతేనే ఈ పనికి సరిపోతాయని ఆయన లెక్క. తునికాకును చూడకుండానే కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచే వేళ్లకు ఈ కాడలు ఓ లెక్క కాదు. వంకాయ మొక్క తల ఏటవాలుగా కోయాలి, టమాట మొక్కను అదే వాలులో కోయాలి, రెండు కోతలూ ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి క్లిప్పు బిగించాలి. ఎక్కువ నొక్కితే నలుగుతుంది, తక్కువైతే జారుతుంది. అందరూ పొద్దున లేచి ఇంటి దగ్గర చాటలు ఒడిలో పెట్టుకుని కొన్ని బీడీలు చేసి, తొమ్మిదింటికి ఇక్కడికి వస్తారు. అజీమున్నీసా ఒక్కతే బీడీలు చేయదు. ఆమెది కుట్టుపని. అందుకే ఆమె చేయి కొంచెం నెమ్మది.

అందరిలోకీ జోరైన చేయి దేవీబాయిది. మహారాష్ట్ర సరిహద్దు డోంగ్లి నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన మనిషి, యాభై దాటింది. పని చేస్తున్నంతసేపూ చేతులవైపు చూడదు. ఎటో చూస్తూ ఉంటుంది, పెదాలు మాత్రం కదులుతుంటాయి.

"ఆమె పెదాలు సూసిన్రా? ఏం సదువుతదో ఏమో," అంది శారదమ్మ, దేవీబాయి నీళ్లకు లేచినప్పుడు. శారదమ్మ ఆ గుంపుకు పెద్ద, ఆమె మాటకు అక్కడ ఎదురుండదు.

అది బీడీ కట్టలు లెక్కబెట్టీ లెక్కబెట్టీ వచ్చిన అలవాటని అక్కడ అందరికీ తెలుసు. శారదమ్మ పెదాలు కూడా అట్లాగే కదులుతాయి. ఎవరి పెదాలు వాళ్లకు కనబడవు కాబట్టి సరిపోయింది.

సాయంత్రం నాలుగింటికి పాషా మళ్లీ ట్రేల దగ్గరికి వచ్చాడు. అందరూ పని ఆపి వెనక చేరారు. ఎర్రదారం ముళ్లు కట్టినచోటే ఉన్నాయి. గీతలు వాటిని దాటి ఆకు తొడిమ దాకా పోయాయి.

"అగ్గ బాయీ," అంది దేవీబాయి పుట్టింటి మరాఠీలో. ఆ తర్వాత తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.

"అక్కా, రెండు మూడొద్దులు ఇంటికాడనే ఉండు. నేను కబురు పంపిస్త," అన్నాడు పాషా, ఆమె ముఖం చూడకుండా.

"నేనేం జేసిన పాషా?"

"ఏం జెయ్యలే. జర ఆరాం తీసుకో, గంతే."

ఆమె చెంగులో మూట కట్టుకుని గేటు దాటింది. నీల తన క్లిప్పుల డబ్బాలో వేళ్లు పెట్టి ఊరికే కలుపుతూ కూర్చుంది.

బుధవారం వచ్చేసరికి దేవీబాయి కూర్చునే గోనెసంచి అక్కడ లేదు. ఎవరో తీసుకెళ్లి గేటు బయట పడేశారు. ఆమె నీళ్లు తాగే గ్లాసు బోర్లించి, దాని మీద రాయి పెట్టారు. శారదమ్మ ఇంటినుంచి సీసాలో పసుపునీళ్లు తెచ్చి ఆ చోట చల్లింది. చల్లుతున్నప్పుడు అందరూ కాళ్లు ముడుచుకున్నారు, నీల కూడా ముడుచుకుంది.

"ఆమె మొగడు ఎట్ల పోయిండో యాదికున్నదా? ఒక్క జెరం. ఒక్కటంటే ఒక్కటే," అంది శారదమ్మ.

"గీత గట్లనే ఎక్కుతదంట, మనుషులకు సుత. కాళ్లకెల్లి," అంది పోసవ్వ. ఎవరు చెప్పారంటే చెప్పలేకపోయింది.

"మొక్కలు మొక్కలే. మనుషులు మనుషులే. చెయ్యి ఆడియ్యిన్రి," అని అజీమున్నీసా కసిరింది.

బాణామతి, అదే చేతబడి, అన్న మాట షెడ్డులో ఎవరూ పలకలేదు. పలకాల్సిన పని కూడా లేకపోయింది. మధ్యాహ్నానికే అది దేవీబాయి ఉండే గల్లీకి చేరిందని, ఇంటి ఓనరు ఆమెను ఆదివారంలోపు ఖాళీ చేయమన్నాడని తెలిసింది. ఆ మాట విన్నాక నీల తన అన్నం డబ్బాకు మూత పెట్టేసింది. రెండు పుల్లలు, అంతే కదా అనుకుంది. రెండు పుల్లలకు ఒక మనిషి ఇల్లు పోతుందా?

గురువారం ఇంకో వరస తెరవాలి. దేవీబాయిని పంపేయకముందు, పోయిన గురువారం కట్టిన ట్రేలు అవి. నీల లోపలికి వెళ్లేముందు గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. ఈసారి ఏమున్నా సరే, ఒక్క పుల్లనూ ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. పరదా ఎత్తింది. మొక్కలు మళ్లీ అట్లాగే, ఒక్కటీ కదలకుండా నిలబడ్డాయి.

మూడు ట్రేలకు గీతలున్నాయి. మూడింటి పుల్లల మీదా దేవీబాయి పేరే.

మొదట ప్రాణం కుదుటపడింది. నిజంగానే ఆమె చేతిలో ఏదో ఉంది కాబోలు, నేను చేసింది పెద్ద తప్పు కాదు కాబోలు అనుకుంది. ఆ అనుకోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఆ హాయితోనే లైటు ఇంకొంచెం దగ్గరగా పెట్టి చూసింది.

మొదటి ట్రేలో క్లిప్పుల చెవులు తలోదిక్కు తిరిగి ఉన్నాయి. దేవీబాయి క్లిప్పులు అట్లా ఉండవు. కట్టలో బీడీ మూతుల్లా అన్నీ ఒకవైపే చూస్తుంటాయి. తలోదిక్కుగా పెట్టేది శారదమ్మ. రెండో ట్రేలో ప్రతి మొదలుకూ వంకాయ ఆకు ఒకటి మిగిలి ఉంది. అది తీయడం మరిచిపోయేది పోసవ్వ, రోజూ తిట్లు తింటుంది. నీల మెల్లగా నడుస్తూ బల్ల చివరిదాకా చూసింది. అక్కడ శారదమ్మ పేరున్న ట్రే, మచ్చలేని ట్రే. క్లిప్పులన్నీ ఒకేవైపు.

నీళ్లు పిచికారీ కొట్టడానికి రోజుకొకరు లోపలికి వస్తారు. ఒంటరిగా వస్తారు. ఈ చీకట్లో ఎవరికి వాళ్లు, నా ఒక్కదాని గురించే కదా అనుకుంటూ, పుల్లలు మార్చి బయటికి పోయారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. బయటికొచ్చి ఒకరి పక్కన ఒకరు కూర్చుని, దేవీబాయి పెదాల గురించి మాట్లాడుకున్నారు. నీలకు మొక్కల మధ్య నిలబడాలంటే భయం వేసింది. ఆ భయం దేవీబాయి గురించి కాదు.

మధ్యాహ్నం తలనొప్పి అని చెప్పి దేవీబాయి ఇంటికి వెళ్లింది. గల్లీలో ముగ్గురు నలుగురు గడపల్లో బీడీలు చేస్తూ కూర్చున్నారు. నీల ఏ ఇంటికి పోతోందో చూడటానికి చేతులు ఆపారు. తలుపు తీసే ఉంది. దేవీబాయి గోడకు ఆనుకుని కూర్చుంది. చాట గోడకు నిలబెట్టి ఉంది, తునికాకు ఎండి ముడుచుకుపోయింది. ఆమె రెండు చేతులకూ పాతచీర ముక్క చుట్టుకుని ఉంది, కాలినవాళ్లు చుట్టుకున్నట్టు.

"ఏమైంది అవ్వా చేతులకు?"

"ఏం గాలే."

మూలన ఆమె మనవరాలు సహజ కూర్చుంది. నాలుగేళ్లుంటాయి. జుట్టు చిక్కుపడి ముఖం మీద వేలాడుతోంది. వాళ్లమ్మ పొద్దున్నే బట్టల దుకాణంలో పనికి పోతే చీకటిపడ్డాకే వస్తుంది. పిల్ల నీల దగ్గరికి వచ్చి ఫిర్యాదు చేసింది. "ఆజీ నాకు జడేస్తలేదు. బువ్వ తినిపిస్తలేదు. నువ్వే తిను అంటుంది."

"ఎందుకే అవ్వా?"

దేవీబాయి పిల్లను బయట ఆడుకోమంది. పిల్ల గడప దాటాక గొంతు తగ్గించి, అచ్చం దవాఖానలో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నేను ముట్టుకున్నకాడనే నల్లగైతుంది గద బిడ్డా. దారం కట్టి మరీ చూపెట్టిండు పాషా. నా కండ్లతోని నేనే జూసిన. అందరు అబద్ధమాడుతరా? మా ఆయనకు ఆకరికి నీళ్లు తాపింది సుత గీ చెయ్యే. ఇప్పుడొకటొకటి యాదికొస్తుంది. పొల్ల తల మీద చెయ్యి పెడదామంటే…" అక్కడితో ఆపేసింది.

చెప్పేయాలని నీల నోరు తెరిచింది.  ఆ మాటకు బదులు దువ్వెన అడిగి తీసుకుని, సహజను పిలిచి, చిక్కులు తీసి జడ వేసింది. ఆమె వేళ్లు పిల్ల జుట్టులో తిరుగుతున్నంతసేపూ దేవీబాయి కళ్లు ఆ వేళ్లను వదల్లేదు. అంత ఆశగా ఒకరి చేతులవైపు ఇంకొకరు చూడటం నీల ఎప్పుడూ చూడలేదు. ఇంటికి పోయేదాకా ఏడుస్తూనే నడిచింది.

శుక్రవారం పాషా ఆ ఏడు ట్రేలనూ కాల్చేయడానికి షెడ్డు ముందు వరసగా పెట్టించాడు. పొడి ఆకులు పేర్చారు. ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. కాలితే పీడ పోతుందన్న ఆతృత అందరి ముఖాల్లోనూ ఉంది. నీల ముందుకు వచ్చి రెండు ట్రేలు ఎత్తి పక్కన పెట్టింది.

"అన్నా, గివి నావి."

"పేరు దేవీబాయిది ఉన్నది గదా."

"పుల్ల నేను మార్చిన. క్లిప్పు తీసి చూడు. నాది పుర్రచెయ్యి. నా కోత ఎడమకు వాలుతది. గీడ ఇంకెవ్వలకు గట్ల రాదు."

పాషా కళ్లజోడు దించుకున్నాడు. ఒక క్లిప్పు తీశాడు. కాడ మీద అతుకు ఎడమకు వాలి ఉంది. ఇంకోటి తీశాడు. మూడోది తీశాడు. ఆ తర్వాత లేచి నిలబడి అందరి ముఖాలూ చూశాడు.

"దీనికేం పిచ్చి లేసిందా?" అంది శారదమ్మ. "మీదేసుకుంటే పుణ్యమొస్తదనుకుంటుందేమో."

నీల ఆమెవైపు తిరగలేదు. ఎవరి పేరూ చెప్పలేదు. తన రెండు ట్రేల దగ్గర అట్లాగే నిలబడింది. ముందుగా పోసవ్వ కదిలింది. తల ఎత్తకుండా వచ్చి, మిగిలిపోయిన వంకాయ ఆకులున్న ట్రే ఎత్తుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒంటికి ఆనించుకుంది. ఆమె వెనక మిగిలిన ఇద్దరూ వచ్చి చెరొక ట్రే ఎత్తుకున్నారు. మిగిలిన రెండింటిలో ఒకటి క్లిప్పులన్నీ ఒకేవైపు ఉన్న దేవీబాయి సొంతది, ఇంకోటి క్లిప్పులు తలోదిక్కు తిరిగినది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందరి చూపూ దాని మీదే ఉంది, శారదమ్మ చూపు తప్ప.

"అంటే అందరికి వచ్చింది," అన్నాడు పాషా మెల్లగా. "ఎవలకు రాలే?"

"నాకు రాలే," అంది అజీమున్నీసా. ఇంతసేపూ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "వీళ్లందరివి తంబాకు చేతులు. నాది సూది చెయ్యి. పూణె పోయి ట్రేనింగు తీసుకున్నవ్ గద గౌస్, ఆడ ఏం చెప్పలేదా నీకు?"

పాషా నెత్తి పట్టుకుని తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. చెప్పారు. తంబాకు ముట్టిన చెయ్యి టమాట కాడకు తగలొద్దని, దాని పురుగు, అదే వైరస్, కళ్లకు కనబడకుండా చేతికి అంటుకునే ఉంటుందని చెప్పారు. తిరిగొచ్చిన రోజే గేటుకు బోర్డు రాయించాడు, బీడీ తాగరాదని. డ్రైవర్లను గేటు లోపలికి రానివ్వలేదు. బీడీ అంటే ఆయనకు తాగే మగవాళ్లే గుర్తొచ్చారు. చేసే ఆడవాళ్లను మాత్రం వేళ్లు చూసి మరీ తెచ్చుకుని షెడ్డు నిండా కూర్చోబెట్టాడు.

"తప్పు నాది," అన్నాడు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు అన్నాడు. "బీడీలు పొద్దుమీకి చేసుకోన్రి. పొద్దున రాంగనే సబ్బుతో కడిగి, పాలల్ల చేతులు ముంచి కూసోన్రి. పాలు పట్టినంక ఆ రోగం మొక్కకు అంటదన్నరు. ఆడ నవ్వుకున్నం మేము. నీలమ్మా, దేవీబాయక్కను పిలుసుకరా. వాళ్ల ఓనరుతోని నేను మాట్లాడుత."

నీల గేటు దాటుతుంటే వెనక శారదమ్మ గొంతు వినిపించింది. "పాలల్ల ముంచుడంటే దోషం కడుక్కునుడే గదా. మరి దోషం లేకుంటే పాలెందుకు?" ఎవరో ఊఁ కొట్టారు. నీలకు వెనక్కి తిరగాలనిపించి కూడా తిరగలేదు.

దేవీబాయి నిన్న కూర్చున్నచోటే ఉంది. సహజ పక్కింటి గోడ నీడలో రాళ్లతో ఆడుకుంటోంది. నీల లోపలికి వెళ్లి, ఆమె ఎదురుగా మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, మొత్తం చెప్పింది. తంబాకు సంగతి, అజీమున్నీసా సంగతి, పాల సంగతి. ఆఖరికి పుల్లల సంగతి కూడా చెప్పింది.

"నువ్వు మార్చినవా?"

"మార్చిన. రెండు. మిగతావాళ్లు మార్చిన్రు గని ముందుగాల మార్చింది నేనే కావచ్చు. నాకు భయమైంది అవ్వా."

దేవీబాయి చేతులకు చుట్టుకున్న గుడ్డ విప్పసాగింది. మడత మీద మడతగా చాలానే చుట్టుకుంది. మూడు రోజులు గాలి తగలక వేళ్లు పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. గోళ్ల సందున తంబాకు మరక మాత్రం అట్లాగే ఉంది. నీల గోళ్ల సందునా అదే మరక.

"కొట్టు అవ్వా. తిట్టు," అంది నీల.

"ఏం కొట్టుడు. అందరు సప్పుడు జెయ్యకుంట ఉంటే నువ్వన్న వచ్చి చెప్పినవ్. సల్లగుండు," అంటూ దేవీబాయి కుడిచెయ్యి ఎత్తి నీల తల మీద పెట్టబోయింది.

నీల తల వెనక్కి పోయింది.

ఆమె వెనక్కి తీసుకోలేదు, అదే పోయింది. బెత్తెడు కూడా ఉండదు. తంబాకని తెలుసు. తన చేతికీ ఉందని తెలుసు. ఇప్పుడిప్పుడే ఆ మాటలన్నీ తన నోటితోనే చెప్పింది. అయినా మెడ ఆమె మాట వినలేదు. సిగ్గుతో నీల ముఖం మండిపోయింది, తల ముందుకు తెచ్చి ఆ చేతికి ఆనిద్దామనుకుంది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. దేవీబాయి చెయ్యి గాలిలో ఆగిపోయి ఉంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా," అంది దేవీబాయి. గొంతులో కోపం లేదు. "ఈ చెయ్యిని జూస్తే నేను సుత ఇంకా గట్లనే ఎనకకు జరుగుతున్న."

చెప్పి, ఆ చేతిని ఒళ్లోకి తెచ్చుకుంది. రెండో చెయ్యి దానికి తగలకుండా పక్కన నేల మీద ఆనించుకుంది.